అంజనంలో కనిపించిన పిల్ల

పరాంకుశం గారు తన యంత్రానికి అంజనం అని పేరు పెట్టిన రోజే దాక్షాయణికి ఒళ్ళు మండింది. తమలపాకు మీద కాటుక పూసి, అందులో దొంగ మొహం కనిపిస్తోందని చెప్పి, ఊళ్ళో ఎవడో అమాయకుడి కొంప ముంచే విద్య అది. రెండు డాక్టరేట్లున్న మనిషి ఏరికోరి ఆ పేరే తెచ్చుకున్నాడు. పైగా ప్రయోగశాల గోడ మీద దాన్ని మన పూర్వుల విజ్ఞానమని పెద్దక్షరాలతో రాయించి, వాటికి నీలం లైట్లు కూడా పెట్టించాడు. వచ్చినవాళ్ళందరూ ఆ లైట్ల కింద నిలబడి ఫోటోలు దిగుతారు.

విశాఖపట్నంలో సముద్రం కనిపించే కొండ మీద ఉంది ఆయన పనిచేసే గవాక్షం అనే సంస్థ. అందులో దాక్షాయణి పదమూడేళ్ళుగా నెట్‌వర్క్ ఇంజనీరు. అక్కడి నూట అరవైరెండు మంది ఉద్యోగుల్లో ఎవరు బ్రౌజర్ తెరిచి ఏ సైటు అడిగినా, ఆ అడగడం ముందు ఆమె నడిపే ప్రాక్సీ సర్వర్ దగ్గరికి వచ్చి, అక్కణ్ణుంచి బయటికి పోవాలి. ప్రాక్సీది ఒకరకంగా పోస్ట్‌మాన్ ఉద్యోగం. ఫలానా సైటుకు దారి తియ్యమని బ్రౌజర్ అడుగుతుంది, ఇది తీస్తుంది. ఆ తర్వాత అటూ ఇటూ తిరిగేవన్నీ సీలు వేసిన కవర్లే. ఎవరింటికి పోతోంది, ఎంత మందం ఉంది, ఎంతసేపటికి ఒకటి వస్తోంది, అంతవరకే దానికి తెలుసు. లోపల ఏముందో దానికి తెలియదు. తెలియకూడదు కూడా.

ఆ తెలియకపోవడమే పరాంకుశానికి కంటగింపు. కవరు చింపకుండా లోపలి మాట చదివేస్తానని బయల్దేరాడు. మనం వెతికే పెట్టెలో ఒక్కో అక్షరం కొడుతుంటే అవతలి సైటు ఒక్కో సలహాల కట్ట పంపిస్తుంది కదా, ఆ కట్టల బరువులూ, అవి వచ్చే లయా చూసి మాట పట్టెయ్యొచ్చునని ఆయన వాదన. వాదన తప్పేమీ కాదు. తప్పంతా ఆ తర్వాత చేసిన పనిలో ఉంది.

యంత్రానికి నేర్పాలంటే సీలు కవరూ, దాని లోపలి కాగితమూ రెండూ పక్కపక్కన పెట్టి చూపించాలి. అందుకని ఉద్యోగులందరూ తమ బ్రౌజర్లలో సంస్థవారి సర్టిఫికెట్ పెట్టుకోవాలని ఒక సర్క్యులర్ వచ్చింది. అది పెట్టుకుంటే ప్రాక్సీకి కవరు విప్పి, నకలు తీసుకుని, మళ్ళీ సీలు వేసి పంపే అధికారం వస్తుంది. మీటింగులో అందరూ చప్పట్లు కొట్టి మరీ ఒప్పుకున్నారు. సాయంత్రానికి ఒక్కొక్కరి బ్యాంకు సైటూ మొరాయించేసరికి, ఎవరి సర్టిఫికెట్ వాళ్ళు పీకేసి, సొంత ఫోన్లలోకి దిగిపోయారు. ఎవరూ ఎవరికీ చెప్పలేదు. సర్క్యులర్ రాసింది దాక్షాయణి. రాసిన మనిషే పాటించకపోతే ఎలా అని ఆమె మాత్రం తీసెయ్యలేదు.

నకళ్ళు ఎవరివో తెలియకుండా కట్టుదిట్టం చేసింది కూడా ఆమే. పేర్లు చెరిగిపోతాయి. ప్రతి లాప్‌టాప్‌కూ రోజుకో కొత్త నెంబరు పడుతుంది. ఏ నెంబరు ఎవరిదో రేపు పొద్దున్న ఆమెను కట్టేసి అడిగినా చెప్పలేదు. తన చేత్తో కట్టిన ఆ గోడ మీద ఆమెకు ఎంత నమ్మకమంటే, ఇంట్లో భర్త చేతికి తగిలే ఫోనులో వెతకలేని సంగతులు ఆఫీసు లాప్‌టాప్‌లో నిశ్చింతగా వెతుక్కుంది.

మూడేళ్ళు గడిచాక పరాంకుశం, తన దగ్గర ఏడువందల నలభైమంది వాలంటీర్ల సమాచారం ఉందని సభలో ప్రకటించాడు. నూట అరవైరెండు మంది ఉన్న సంస్థలో ఏడువందల నలభైమంది ఎక్కణ్ణుంచి వచ్చారని ఒక్కరికీ అనుమానం రాలేదు. దాక్షాయణి మాత్రం, 'ఈయన నోటికి లెక్కేమిటి, వెయ్యి అననందుకు సంతోషించాలి' అనుకుని పెదవి విరిచింది. ఆయన మాటంటే ఆమెకున్న చులకన ఎంతటిదంటే, ఆ మాటను పరిశీలించే శ్రమ కూడా తీసుకోలేదు.

అంజనానికి మొదటి గిరాకీ ఊరి చివరి ఒక నర్సింగ్ కాలేజీ. రెండువందల మంది ఆడపిల్లల హాస్టలు. ఆ పిల్లలు వైఫైలో ఏం చూస్తున్నారో తెలుసుకోకపోతే ప్రిన్సిపాల్ హైమావతి గారికి అన్నం సయించడం లేదట. దాక్షాయణి వెళ్ళి హాస్టల్లో ప్రాక్సీ పెట్టి వచ్చింది. పదిరోజులకు, ఒక సోమవారం మధ్యాహ్నం, పరాంకుశం నవ్వు మొహంతో ఆమె గదిలోకి వచ్చాడు.

"దొరికిందండీ దాక్షాయణి గారూ! పది రోజుల్లో మొదటి చేప. రెండో సంవత్సరం పిల్ల, ఎస్తేరు అని. కడుపు తీయించుకుంది. అంజనం మొత్తం కక్కేసింది. ప్రాక్సీ సరిగ్గానే పనిచేసిందని మీరో సంతకం పెట్టేస్తే, గురువారం పదకొండింటికి ఎంక్వైరీలో పెట్టి సీటు తీసేస్తారు."

"ఆ పిల్ల ఒప్పుకుందా?"

"ఎవరు ఒప్పుకుంటారండీ? ఏడుస్తోంది. మామూలే."

దాక్షాయణి కాగితాలు అందుకుంది. ఎస్తేరు గది నుంచి వెళ్ళిన సీలు కవర్లను చదివి అంజనం అచ్చు వేసిన మాటలవి. మొదటి పేజీలోనే, కుట్టుమిషను బెల్టు జారిపోతుంటే ఏం చెయ్యాలి అని ఉంది. దాని కింద, డెబ్భై ఏళ్ళ అత్తగారి మోకాళ్ళ నొప్పులకు ఏ నూనె మంచిది అని.

"పెళ్ళి కాని పిల్లకు అత్తగారేమిటండీ?" అంది.

"అదే కదా! దొంగతనంగా పెళ్ళి కూడా చేసుకున్నట్టుంది. హైమావతి గారు వెంటనే పట్టేశారు."

"హాస్టల్లో కుట్టుమిషను?"

"అబ్బ, మీరు మరీనండీ! ఏ ఫ్రెండుకోసమో వెతికి ఉంటుంది."

ఈయన్ను సైంటిస్టు అన్నవాణ్ణి చెప్పుచ్చుకుని కొట్టాలి అనుకుంటూ ఆమె పేజీ తిప్పింది. రెండుసార్లు గర్భం నిలవకపోతే మూడోసారి ఎలా ఉంటుంది. ముప్ఫైతొమ్మిదేళ్ళకు కాన్పు ప్రమాదమా. పదివారాల లోపు మాత్రలు. మాత్రలు వేసుకున్న సంగతి తర్వాత చూసే డాక్టరుకు తెలుస్తుందా. దానంతట అదే పోయిందని ఇంట్లో చెబితే నమ్ముతారా.

చివరి వాక్యంలోని ఒక్కొక్క మాటా దాక్షాయణికి గుర్తుంది. రెండేళ్ళ కిందట జూలైలో, ఇదే కుర్చీలో కూర్చుని, మూడుసార్లు కొట్టి మూడుసార్లు చెరిపి, నాలుగోసారి పంపిన ప్రశ్న అది.

"సంతకం రేపు పెడతాను," అంది, కాగితాలు బోర్లించి.

ఆయన వెళ్ళాక తలుపు వేసుకుంది. తను చూస్తున్నది నిజమో కాదో తేల్చుకోవడానికి ఆమెకు తోచిన దారి ఒకటే. ఆఫీసు కప్పు మీది నీళ్ళట్యాంకులో మట్టం చూసే చిన్న పరికరం ఉంది. గంటకోసారి అది కూడా ఇదే ప్రాక్సీ గుండా సీలు వేసిన కబురు పంపుతుంది. నిండా ఉన్నాను, సగం ఉన్నాను, అంతకంటే దానికి జీవితంలో చెప్పుకోవడానికేమీ లేదు. ఆ ట్యాంకు పంపిన వారం రోజుల కవర్లను తెచ్చి ఆమె అంజనానికి పెట్టింది.

అంజనం రెండు నిమిషాలు ఆలోచించి చదివేసింది. నీళ్ళట్యాంకుకు కుట్టుమిషను బెల్టు జారిపోతోంది. నీళ్ళట్యాంకు అత్తగారికి మోకాళ్ళ నొప్పులు. నీళ్ళట్యాంకు ముప్ఫైతొమ్మిదో ఏట కడుపు తీయించుకుని, ఇంట్లో ఏం చెప్పాలా అని తల్లడిల్లిపోతోంది.

దాక్షాయణి పకపకా నవ్వింది. నవ్వుతూ నవ్వుతూనే ఏడ్చేసింది. తర్వాత కళ్ళు తుడుచుకుని, హాజరు పట్టీ తెరిచి లెక్క పెట్టింది. నకళ్ళు తీయడం మొదలైన రోజు నుంచి ఆపిన రోజు వరకు తను ఆఫీసుకు వచ్చిన రోజులు సరిగ్గా ఏడువందల నలభై. రోజుకో కొత్త నెంబరు. తను తప్ప ఇంకెవరూ సర్టిఫికెట్ ఉంచుకోలేదన్నమాట. ఆ మహానుభావుడు ఒక మనిషిని ఏడువందల నలభై మందిగా లెక్కేశాడు. ఈ యంత్రానికి ప్రపంచంలో తెలిసింది ఒకే ఒక్క ఆడదాని గోడు. ఇక ఏ కవరు చూపించినా అందులో ఆ గోడే చదువుతుంది.

మర్నాడు పొద్దున్నే ట్యాంకు కాగితం తీసుకెళ్ళి పరాంకుశం ముందు పడేసింది. ఆయన చదివి, కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ చదివాడు. తల ఎత్తేసరికి మొహంలో సిగ్గు లేదు, చిరాకు ఉంది.

"ట్యాంకు సంగతి మనలో మనం చూసుకుందాం లెండి. ఏదో చిన్న లోపం. గురువారం దాటనివ్వండి."

"గురువారం ఒక పిల్ల చదువు పోతోందండీ!"

"పిల్లలకేం, చాలా కాలేజీలున్నాయి. ఇంతకీ ఈ మాటలు ఎవరివంటారు? ఏడువందల నలభైమందిలో ఎవరివో తేల్చలేం కదా. తేలకుండా కట్టింది మీరే." ఆయన నవ్వాడు. "ఎవరో వచ్చి ఇవి నావీ అంటే తప్ప ఆ పిల్లవి కావని ఎవరు నమ్ముతారు? ఎవరొస్తారండీ అలా?"

దాక్షాయణి కాగితం మడిచి సంచిలో పెట్టుకుని వచ్చేసింది.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి అత్తగారు కుట్టుమిషను ముందు కూర్చుని అంగన్‌వాడీ పిల్లలకు గౌన్లు కుడుతోంది. రెండేళ్ళ కిందట మనవడో మనవరాలో వస్తారని కొన్న తెల్లటి నూలుబట్ట, ఇంట్లో ఉంచుకుంటే మనసు కోసేస్తోందని ఇలా ఖర్చు చేస్తోంది. దాక్షాయణి భర్త సాంబమూర్తి జూనియర్ కాలేజీలో ఫిజిక్సు చెబుతాడు. పేపర్లు దిద్దుకుంటూ తలెత్తి, "ఏంటలా ఉన్నావు? తల నొప్పా? టీ పెట్టనా?" అన్నాడు. ఆ జూలైలో కూడా అలాగే అడిగాడు. తనే వండిపెడుతూ నెలరోజులు ఆమెను వంటగదిలోకి అడుగు పెట్టనివ్వలేదు.

మంచివాళ్ళతో వేగడం ఎంత కష్టం! పరాంకుశం లాంటివాడైతే మొహం మీద చెప్పి బయటికి నడిచిపోవచ్చు. బుధవారమంతా ఆమె చెప్పకుండా తప్పించుకునే దారులు లెక్క పెట్టుకుంది. ప్రాక్సీ పాడైందని అబద్ధం చెప్పవచ్చు. కొత్తది పెడతారు, మళ్ళీ ఇంకో పిల్ల దొరుకుతుంది. ఆకాశరామన్న ఉత్తరం రాయవచ్చు. హైమావతి గారు దాన్ని ఎస్తేరే రాసిందంటుంది.

గురువారం పదకొండు గంటలకు కాలేజీలో ప్రిన్సిపాల్ గది బయట ఒక ట్రంకుపెట్టె, ఒక బకెట్టు, చుట్టిన పరుపు ఉన్నాయి. తీర్పు కాకముందే సామాను దించేశారన్నమాట. పక్కన ఎస్తేరు తండ్రి నిలబడి ఉన్నాడు. చోడవరంలో మోటారు మెకానిక్కు. గోళ్ళ సందుల్లో ఇంకా గ్రీజు ఉంది.

"అమ్మా, మీరు ఆ మిసను ఆఫీసోళ్ళా?" అన్నాడు దాక్షాయణి మెడలో ఐడీ కార్డు చూసి. "నా పిల్ల అలాటిది కాదండి. మిసను ఏటి సెప్పిందో నాకు తెల్దు గానీ, అది అబద్దం ఆడితే నాకు తెలిసిపోద్దండి. నాను ఇంజన్ల సొద ఇనీ మనిసిని, కూతురి సొద ఇన్లేనా?"

"లోపలికి రండి," అంది దాక్షాయణి. "మీరూ వినాలి."

లోపల బల్లకు ఒకవైపు హైమావతి గారూ, ఇద్దరు కమిటీ పెద్దలూ, పరాంకుశమూ కూర్చున్నారు. ఇంకోవైపు ఎస్తేరు నిలబడి ఉంది. సన్నటి పిల్ల, మూడురోజులుగా నిద్ర లేని కళ్ళు. కూర్చోమనాలని ఒక్కరికీ తోచలేదు.

"సంతకం తెచ్చారా దాక్షాయణి గారూ?" అన్నాడు పరాంకుశం.

"తేలేదండీ. ఇది తెచ్చాను." ఆమె ట్యాంకు కాగితం బల్ల మీద పెట్టింది. "ఇవి మా ఆఫీసు నీళ్ళట్యాంకు అడిగిన ప్రశ్నలట. మీ యంత్రమే చదివింది. ఎస్తేరు కాగితాల పక్కన పెట్టి చూడండి. తేడా ఉంటే చెప్పండి."

కమిటీ పెద్దల్లో ఒకాయన చదివి, "ట్యాంకుకు కడుపేంటండీ?" అని ఆశ్చర్యపోయాడు.

హైమావతి గారు అంత తేలిగ్గా ఓడిపోయే రకం కాదు. "అయితే ఈ పిల్ల మాటలే మీ ట్యాంకులోకి కలిసిపోయి ఉంటాయి. నిప్పు లేకుండా ఇన్ని వివరాలు ఎలా వస్తాయమ్మా? ఎవరో ఒకరు అడిగినవే కదా ఇవి!"

"అవునండీ, ఒకరు అడిగినవే."

"ఎవరు?"

పరాంకుశం ధీమాగా ఆమెవైపు చూస్తున్నాడు. ఎస్తేరు చూడటం లేదు. దాక్షాయణికి ఒక్క క్షణం ఇంటి దగ్గర మిషను తొక్కుతున్న అత్తగారి పాదాలు కళ్ళముందు ఆడాయి.

"నేను," అంది. "ఇవి నావి. మోకాళ్ళ నొప్పులు మా అత్తగారివి. కుట్టుమిషను ఆవిడదే. రెండేళ్ళ కిందట జూలై పద్నాలుగున మాత్రలు నేను వేసుకున్నాను. ఆ వారం సెలవు కాగితం ఇదిగో. ఇదిగో నా హాజరు, ఏడువందల నలభై రోజులు. పరాంకుశం గారి ఏడువందల నలభైమంది వాలంటీర్లు వీళ్ళే. అందరి పేరూ దాక్షాయణే."

ఎస్తేరు తండ్రి తల దించుకున్నాడు. పరాయి ఆడమనిషి చెప్పకూడని మాట విన్నందుకు ఆయనే సిగ్గుపడ్డాడు. ఆ గదిలో సిగ్గుపడింది ఆయన ఒక్కడే.

పరాంకుశం లేచి నిలబడ్డాడు. తిడతాడనుకుంది దాక్షాయణి. ఆయన కళ్ళు మెరుస్తున్నాయి.

"అయితే చదివింది!" అన్నాడు. "హైమావతి గారూ, గమనించారా? ఒక మనిషి ఇంట్లో కూడా చెప్పని సంగతిని అంజనం అక్షరం పొల్లుపోకుండా పట్టుకుంది! ఇంకొంచెం మందిని కలిపితే..."

"కూర్చోవయ్యా!" అంది దాక్షాయణి. పదమూడేళ్ళలో ఆయన్ను ఏకవచనంలో పిలవడం అదే మొదలు. "అది చదవలేదు. నేను విప్పి ఇచ్చిన కాగితాలు కంఠతా పట్టి, కనపడ్డ ప్రతివాళ్ళ మొహానా అంటిస్తోంది. ఆకు మీద కాటుక పూసేవాడే నయం, వాడికి కనీసం ఎదుటి మొహం చూసి భయపడటం తెలుసు."

హైమావతి గారు చాలాసేపు కాగితాలు సర్దింది. చివరికి, ఎస్తేరు గదికి వెళ్ళవచ్చుననీ, రేపట్నుంచి క్లాసులకు రావచ్చుననీ చెప్పింది. పొరపాటు జరిగిందనలేదు. తర్వాత దాక్షాయణి వైపు తిరిగి, కింది నుంచి పైదాకా ఒక చూపు చూసి, "మీ ఇంట్లోవాళ్ళకు తెలుసా అమ్మా?" అని అడిగింది. పాపం, ఎస్తేరు చేజారినందుకు చేతికి దొరికిన ఇంకో ముద్దాయి దగ్గర ఆపుకోలేకపోయింది.

"తెలుస్తుంది లెండి," అంది దాక్షాయణి.

బయట వరండాలో ఎస్తేరు పరుపు భుజాన వేసుకుంటోంది. దాక్షాయణి సాయం పట్టబోయింది. పిల్ల వద్దన్నట్టు పక్కకి జరిగింది.

"థాంక్సండి మేడమ్," అంది. ఆ మాటలో థాంక్స్ లేదు. "మూడ్రోజులనుంచి నాను కాదు, నాను కాదు అని మొత్తుకున్నానండి. ఒక్కరూ నమ్మలేదు. మీరు నాను చేశాను అనగానే అందరూ నమ్మేశారు. తప్పు చేశానంటేనే నమ్ముతారేటండి మనల్ని?"

సాయం పట్టబోయిన చెయ్యి దాక్షాయణి వెనక్కి తీసుకుంది. ఆ పిల్ల హాస్టల్లో ప్రాక్సీ పెట్టింది తనే. చదువు వచ్చిన గాడిదలని వాళ్ళందరినీ మూడేళ్ళుగా మనసులో తిట్టుకుంటూ, వాళ్ళకు కావలసిన ప్రతి తీగా కలిపింది తనే. తండ్రి ట్రంకు ఎత్తుకుని ముందు నడిచాడు, కూతురు వెనక నడిచింది.

దాక్షాయణి తిన్నగా ఇంటికి వెళ్ళింది. మూడు గంటలైంది. అత్తగారు పక్కింట్లో ఉంది. సాంబమూర్తి అప్పుడే కాలేజీ నుంచి వచ్చి చొక్కా గుండీలు తీస్తున్నాడు. ఆమె చెప్పులు కూడా విడవకుండా గుమ్మంలో నిలబడి మొత్తం చెప్పేసింది. యంత్రం, ట్యాంకు, ఎస్తేరు, కమిటీ, జూలై పద్నాలుగు.

అతను మంచం మీద కూర్చున్నాడు. సగం విప్పిన చొక్కా అలాగే ఉంది.

"ఎవరో పిల్ల కోసం పదిమందిలో చెప్పగలిగావు," అన్నాడు చివరికి. "నాకు చెప్పడానికి రెండేళ్ళు సరిపోలేదా, దాక్షీ?"

ఆమె గుమ్మంలోనే చెప్పులు విడిచింది.

"భయపడ్డావా? మళ్ళీ పోతుందని? మళ్ళీ ఆ బాధ పడలేననుకున్నావా? అలా అయితే నేను అర్థం చేసుకోనా? ఆ మాట ఒక్కటి చెప్పు చాలు."

అతని కళ్ళు బతిమాలుతున్నాయి. అవునంటే సరిపోతుంది. ఇద్దరూ కాసేపు ఏడ్చి, అత్తగారు వచ్చేలోపు మొహాలు కడుక్కుని, దీన్ని కూడా ఒక దుఃఖం కింద జమకట్టుకుని బతికెయ్యవచ్చు. ఆ రోజుల్లో ఆమె ఎన్నెన్నో అడిగింది. మాత్రల గురించి, డాక్టర్ల గురించి, అబద్ధాల గురించి అడిగింది. ఎందుకు అన్నది మాత్రం ఏ సైటునూ అడగలేదు. అది ఏ ప్రాక్సీ గుండానూ పోలేదు, ఏ యంత్రం దగ్గరా నకలు లేదు.

"కాదండీ," అంది. "భయం కాదు. ఈసారి నిలుస్తుందని డాక్టరమ్మ గట్టిగానే చెప్పింది."

"మరి?"

"నాకు వద్దనిపించింది. అంతే."

సాంబమూర్తి ఒక్కొక్క గుండీ మళ్ళీ పెట్టుకుని, చెప్పులు వేసుకుని, ఆమెకు తగలకుండా ఒత్తిగిలి, గుమ్మం దాటి వెళ్ళిపోయాడు.